అరువు ఏడుపు

పామాయిల్ వాసన.

ఉడికే మొక్కజొన్న పిండి ఆవిరి. కాల్చిన చేప పొగ. సముద్రపు గాలి ఆ మూడింటినీ కలిపి అక్రా పట్నం సందుల్లో ఇంటింటికీ పంచుతోంది.

హోమోవో వచ్చింది. ఆకలిని వెక్కిరించే పండగ.

పండగకు ముందు కట్టడితో నెల రోజులు మూగబోయిన డప్పులు మళ్ళీ నోరు విప్పాయి.

సెర్వా ఈ వాడ పిల్ల కాదు. ఇక్కడి గా తెగ పిల్ల కాదు. సముద్రానికి దూరంగా, కుమాసీలో పుట్టిన అసాంటే తెగ పిల్ల. లార్టీని పెళ్ళాడి సముద్రం ఒడ్డుకు వచ్చింది. ఇది ఆమెకు మొదటి హోమోవో.

మా పిల్లే అనిపించుకోవాలి… అదొక్కటే ఆశ.

అందుకే అత్త కోర్కోర్ పక్కన నిలబడి పిండి ఉడికించింది. వేళ్ళు కాలాయి. కాలితే కాలనీ అనుకుంది. ఇంటి పెద్దాయన ఆ పిండి గుప్పెడు గుప్పెడుగా గడప ముందు చల్లుతూ పోయినవాళ్ళను పిలిచాడు — తినండి, మీ తర్వాతే మేము. ఆ తర్వాత ఒకే గిన్నెలో అందరి చేతులూ. ముసలి చేతులు, పసి చేతులు.

సెర్వా చెయ్యి.

"చూశారా ఈ కుమాసీ పిల్లని! చేప ముక్క ఎక్కడ దాక్కుందో మనకంటే ముందు దీనికే తెలుస్తోంది!" అంది పక్కగదిలో ఉండే అయెలే.

అందరూ నవ్వారు. ఆ నవ్వుతోనే సెర్వాకు సగం కడుపు నిండింది.

మర్నాడు తెల్లవారుతూనే ఏడుపు.

ఒక గుమ్మంలో మొదలై… ఇంకో గుమ్మానికి… ఏడాదిలో పోయినవాళ్ళ కోసం వాడంతా ఏడ్చే వేళ. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, దోసిట్లో నీళ్ళు పోసి ఒకరికొకరు ఆయుష్షు కోరుకునే వేళ.

అత్త ముంగిట్లో కూలబడి కూతురి పేరు పిలుస్తోంది. కాన్పులో పోయిన కూతురు.

సెర్వా కూడా వచ్చి కూర్చుంది. తలగుడ్డ విప్పింది. గొంతెత్తింది.

ఏడవడం కుమాసీ ఆడవాళ్ళకు ఒకరు నేర్పాలా! రాగం లేచింది, విరిగింది, మళ్ళీ లేచింది. పక్కవాళ్ళు తలుపులు తీసి చూశారు.

బాగా ఏడుస్తున్నాను — అనుకుంది లోపల.

అత్త ఏడుపు ఆగింది.

"ఎవరి కోసమే పిల్లా?"

రాగం మధ్యలోనే తెగింది.

"ఊరికే అత్తా… అందరూ ఏడుస్తున్నారని."

"బాగుందమ్మా!" అంది అయెలే. "నిన్న మన పండగ గుడ్డ కట్టింది. ఇవాళ మన ఏడుపు కూడా కట్టుకుంది!"

ఎవరో కిసుక్కుమన్నారు.

"నువ్వు నోర్మూసుకో అయెలే." అత్త కోడలి వైపు తిరిగింది. "మీ వాళ్ళలో ఈ ఏడు ఎవరూ పోలేదా అమ్మా?"

గుమ్మంలో నిలబడ్డ లార్టీ నేల వైపు చూశాడు.

"లేదత్తా."

అబద్ధం.

నాన్న పోయాడు. వానలు మొదలైన నెలలో. చేపలవాళ్ళింటికి పోతే మళ్ళీ నా గడప తొక్కకు అన్నాడు, పెళ్ళి నాడు. ఆ మాట పట్టుకుని ఆమె వెళ్ళలేదు. పూడ్చేటప్పుడు కూడా వెళ్ళలేదు. కబురు తెచ్చిన తమ్ముణ్ణి బస్సు స్టాండు నుంచే తిప్పి పంపింది. ఇంట్లో తెలిస్తే, కన్నతండ్రి చావుకు పోని మనిషి అంటారు… మొగుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు కన్ను తడవలేదు.

ఇవాళ ఎవరి చావుకో ఇంత ఏడుపు ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఇప్పుడైనా చెప్పొచ్చు. ఒక్క పేరు. నాలుక మీదే ఉంది… అయెలే చూస్తోంది.

అత్త నీళ్ళ కుండలో చెంబు ముంచి, కోడలి దోసిట్లో నీళ్ళు పోసింది.

"అయితే అదృష్టవంతురాలివే. ఆయుష్షు తీసుకో తల్లీ. నీ కడుపు పండాలి. మీ అమ్మ బాగుండాలి. మీ నాన్న… ఎంత కోపం ఉన్నా సరే, వచ్చే హోమోవోకి మన గిన్నెలో చెయ్యి పెట్టాలి."

అందరూ ఆగారు. దీవెనకు బదులు పలకాలి. అందుకున్నవాళ్ళే పలకాలి.

"అలాగే కావాలి అత్తా," అంది సెర్వా.

నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి జారిపోతున్నాయి.

అత్త మళ్ళీ ముంచింది.