పలుపు మరిచిన బొమ్మ

కేశవప్ప ఒకసారి వేసిన బొమ్మను మళ్లీ దిద్దడు. ఇది తనలోని గొప్ప గుణమని ఆయన నమ్మకం. కాగితం మీద నీళ్లరంగు పడినాక దిద్దడమంటే ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడమేనని డెంకణికోటలో చేతికి చిక్కినవాళ్లందరికీ చెప్పేవాడు. మొదట్లో దిద్దబోయి పదీ పన్నెండు కాగితాలకు చిల్లులు పెట్టిన సంగతి మాత్రం ఆయన భార్యకు తప్ప ఎవరికీ తెలియదు.

తాలూకా కచేరి ముందర అర్జీలు రాయడం ఆయన బతుకుతెరువు. సెలవు రోజున రంగుల డబ్బా, ఉడుత వెంట్రుకల కుంచె సంచిలో వేసుకుని పల్లెలు పట్టి పోయేవాడు. ఎవరూ నేర్పలేదు, ఆ సంగతి బొమ్మలు చూసినవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. పాత కొట్టాలు, నాటుపెంకుల ఇండ్లు, గడ్డివాములు, ఇవే వేసేవాడు. అవి కదలవు. బాగా రాలేదని అలగవు.

ఏ ఇంటి బొమ్మకైనా ఆ ఇంటి బావినీళ్లతోనే రంగు కలిపేవాడు. అందువల్ల బొమ్మలోనివి బొమ్మలో తమ పాటికి తాము బతికేవి. గుర్రప్ప ఇంటి బొమ్మలో కోళ్లు తెల్లారితే గూట్లోంచి బయటికొచ్చి, పొద్దుగూకితే లోపలికి పోయేవి. అంగాళమ్మ ఇంటి బొమ్మలో వానకు పెంకులు కారేవి. ఆమె దాని కింద ఒక గిన్నె పెట్టుకునేది. “కేశవప్ప బొమ్మలకు చాకిరీ జాస్తి” అని గొణిగేవాళ్లే గాని అంతకుమించి ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు.

అరవై అయిదులో వానలు మొహం చాటేసినాయి. మరుసటి ఎండాకాలంలో, అడవి అంచు పల్లె నుంచి పుట్టమ్మ కబురు పెట్టింది.

ఆమె మొగుడు చెన్నప్ప గడిచిన మాఘమాసంలో చనిపోయినాడు. ఆ ఇంట్లో రాగులు పాతరలో దాచేవాళ్లు: గట్టినేలలో రెండు నిలువుల లోతు గొయ్యి, ఇరుకు మూతి, మూతి మీద బండ, బండ మీద మన్ను. ఏళ్లకొద్దీ పురుగు తగలదు. పాతర యాడుందో ఇంటి పెద్ద ఒక్కడికే తెలియాలి, పోయే ముందు ఆయన ఇంకొకరి చెవిలో చెప్పాలి, అదీ వాళ్ల ఆచారం. చెన్నప్పకు ఉన్నట్టుండి నోరు పడిపోయింది. మూడు రోజులు మంచంలో పడుండి, కొట్టంలోని ఎద్దుల దిక్కే చూస్తూ పోయినాడు. ఎద్దులంటే ఎంత ప్రాణమోనని అందరూ ఏడ్చినారు. తర్వాత మరిది మాదప్ప పెరట్లో ఏడు చోట్ల తవ్వినాడు. రాళ్లు దొరికినాయి.

తినేదానికి లేదు, విత్తేదానికి లేదు. ఎద్దుల జతను అమ్మేదొకటే మిగిలింది. కరువులో ఈ చుట్టుపక్కల కొనేవాళ్లు లేరు, పోచంపల్లి సంతకు తోలాల. ఎద్దులు పోతే రేపు వాన పడినా పుట్టమ్మ చేను దున్నే మడక లేదు. చేను ఎవరికో పంటలో పాలుకు వదిలి, తాను కూలికి పోవాల.

“సోమవారం మాదప్ప తోలుకొని పోతాడప్పా,” అన్నది పుట్టమ్మ. “అంతలోపల కొట్టంతో సహా వాటిని బొమ్మ వేసియ్యి. కండ్లకు అలవాటైపోయినాయి.”

“నేను కొట్టాలు వేస్తాను గాని పుట్టమ్మా, ఎద్దులు...”

“రావా?”

రావని చెప్పడానికి కేశవప్పకు నోరు రాలేదు. “వస్తాయి, కొంచెం నిదానం,” అన్నాడు.

బావి అడుక్కి పోయింది. పుట్టమ్మ తోడి తెచ్చిన చెంబెడు నీళ్లు బురదగా ఉన్నాయి. ఆ నీళ్లతో ఆకాశం వేస్తే సంకటి రంగు తిరిగింది. కొట్టం మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది. కడుపు ముందుకొచ్చిన మట్టిగోడ, ఒక పక్కకు ఒరిగి కప్పు మోసే రాతి కూసాలు, పెంకుల కింద నీలం నీడ, ముందర కళ్లం, కళ్లం మూల రాగులు తొక్కించే రాతిగుండు. తడి ఆరకముందే నీడలోకి ఎద్దుల్ని దించినాడు. మాదప్ప భుజం మీదుగా తొంగి చూసినాడు.

“వదినా, మనకు రాగుల మూటలు దొరికినాయి చూడు! రెండు! కొమ్ములు గూడా ఉండాయి!”

“నువ్వు తవ్వితే అవి గూడా దొరకలేదు గదప్పా,” అన్నది పుట్టమ్మ.

రెండో నాడు పొద్దున్నే పుట్టమ్మ బొమ్మను కొంగులో చుట్టుకుని, నాలుగు మైళ్లు నడిచి కేశవప్ప ఇంటి ముందర నిలబడింది.

“ఏమప్పా, నువ్వు వేసిన ఎద్దులు కొట్టంలో నిలవవు. నిన్న బయటికి పోయినాయి, ఈ పొద్దూ పోయినాయి.”

కేశవప్ప బొమ్మను వెలుతురులో పట్టుకుని చూసినాడు. కొట్టం ఖాళీగా ఉంది. ఎద్దులు కళ్లం మూలలో ఉన్నాయి. ఆయనకు చెవులు వేడెక్కినాయి. గూటాలు వేసినాడు, మేత వేసే గాడిపాడు వేసినాడు, పెంకులు ఒక్కొక్కటే లెక్కపెట్టి వేసినాడు. పలుపు వెయ్యడం మరిచినాడు. సేద్యగాళ్ల ఇంట పుట్టి ఎద్దును కట్టెయ్యని మనిషి తాలూకాలో ఇంకొకడు ఉండడు.

ఎప్పుడూ దిద్దనివాడు ఆ పొద్దు సిగ్గుతో కుంచె తడిపినాడు. “ఒక్క క్షణం పుట్టమ్మా. పలుపులు వేసి లోపలికి లాగుతాను.”

కుంచె కాగితానికి వెంట్రుకవాసి దూరంలో ఉండగా పుట్టమ్మ ఆయన మణికట్టు పట్టుకున్నది.

“ఉండు. నిన్న గూడా ఈ చోటే నిలబడినాయి. గుండుకు ఆ పక్కొకటి, ఈ పక్కొకటి.”

“మేతకేమో.”

“రాతిగుండు కాడ ఏం మేతప్పా?” ఆమె బొమ్మలోని గుండు మీద వేలు పెట్టింది. “ముందటేడు కళ్లం అయినాక మా ఆయన గుండును కొట్టం పక్కకు చేర్చకుండా ఆడనే వదిలేసినాడు. సోమరితనం అని నోటికొచ్చినట్టు తిట్టినాను. పోయిన పంట పిడికెడే, కట్టెతో కొట్టుకున్నాము, గుండు జోలికే పోలేదు. దాన్ని ఆడికి లాగింది ఎవరు?”

కేశవప్ప బొమ్మలోని రెండు మూటలకేసి చూసినాడు.

“ఇవే,” అన్నాడు.

“మూడు దినాలు వాటి దిక్కే చూసినాడప్పా! వాటినడగండి అని కండ్లతో చెప్పినాడు. మేము కూచుని ఏడ్చినాము!”

మధ్యాహ్నానికి అసలు ఎద్దులకు మోకు కట్టి గుండును పక్కకు లాగించినారు. మాదప్ప గడ్డపార మూడో పోటుకు బండకు తగిలి కంగుమన్నది. బండ తీసి, లోపలికి దీపం దించినారు. దీపం ఆరిపోయింది. మూసిన పాతరలో గాలి చెడ్డది, వెంటనే దిగితే మనిషీ అట్లే ఆరిపోతాడు. మూతి తెరిచిపెట్టి, కేశవప్పతో సహా ముగ్గురూ గట్టు మీద కూర్చున్నారు. ఎంతో సేపటికి రెండోసారి దించిన దీపం నిలిచింది. మాదప్ప నడుముకు తాడు కట్టుకుని దిగినాడు.

“వదినా!” గొంతు కుండలోంచి వచ్చినట్టు వచ్చింది. “సగానికి పైగా ఉండాయి!”

మొదటి చేటెడు పైకి రాగానే పుట్టమ్మ పిడికెడు తీసి వాసన చూసి, కండ్లు తుడుచుకుంది. తర్వాత దోసిలి నింపుకుని పోయి ఎద్దుల మూతుల ముందర పట్టింది.

సోమవారం ఎవరూ పోచంపల్లికి పోలేదు. ఆ ఏడు వాన ఆలస్యంగా వచ్చింది గాని వచ్చింది. పుట్టమ్మ చేను పుట్టమ్మే దున్నించుకుంది.

బొమ్మలోని ఎద్దులు ఆ సాయంత్రమే తమంత తాము కొట్టంలోకి పోయి పడుకున్నాయి. మళ్లీ బయటికి రాలేదు. పలుపు కావాలనే వెయ్యలేదని కేశవప్ప కొన్నాళ్లు చెప్పి చూసినాడు. మాదప్ప ఎదురుపడినప్పుడు మాత్రం చెప్పేవాడు కాదు.

ఆ తర్వాత సెలవు దొరికితే చాలు, పుట్టమ్మ కొట్టంలో ఎద్దుల వెనక పొట్టి పీట వేసుకుని కూర్చునేవాడు. అవి తోకతో ముఖం మీద కొట్టినా కదిలేవాడు కాదు. కాగితాలు చాలా అయినాయి. ఎద్దు వెనకకాలు యాడ వంగుతుందో ఆయనకు ఇంకా తెలియదు.