ఎటన్నవ్?

నాలుగో కట్టలో చివరి బీడీకి దారం చుడుతుండగా రుక్మాబాయికి మళ్లీ ఆ చప్పుడు వినిపించింది. సుయ్‌మని, సన్నగా. వాకిట్లో గోనెపట్టా మీద కూర్చున్న ఆమె భర్త రాజారాం మాత్రం కాఫీ మిషను రాగి డబ్బాకు కుడివైపున సబ్బునురగ పూసి, కళ్లద్దాలు ముక్కు చివరికి దించుకుని, బుడగ ఎక్కడ లేస్తుందా అని చూస్తున్నాడు.

"అటు కాదయ్యా, ఎడమ దిక్కు సూడు!" అని గడపలోంచి అరిచింది.

ఆయన తల ఎత్తలేదు. కుడివైపు నట్టునే ఇంకో చుట్టు బిగించాడు.

ఆ ఎక్స్‌ప్రెసో కాఫీ మిషను ఇంటికొచ్చి రెండు నెలలైంది. నిజామాబాదులో మూతబడ్డ ఒక హోటలు వెనకాల చిలుము పట్టి పడి ఉంటే తెచ్చుకున్నాడు. నడుమెత్తు రాగి డబ్బా, ముందర ఆవిరి ఒత్తిడి చూపించే మీటరు, రెండు ఇత్తడి నల్లాలు, పాలల్లో ముంచే వంకర గొట్టం. చింతపండు పెట్టి తోమి తోమి రాగిని కొత్త పెళ్లికొడుకులా చేశాడు గాని, లోపల ఆవిరి మాత్రం నిలవడం లేదు. అయినా బోధన్‌లో కాఫీ ఎవరు తాగుతారు? ఇంట్లో కాఫీ కలిపారంటే ఎవరికో జ్వరమొచ్చిందని అర్థం. పెళ్లిళ్లలో మాత్రం అన్నం కూడా వదిలేసి ఆ నురగ కోసం ఎగబడతారు.

రేపు రుద్రూర్‌లో పెళ్లి. వంటల కాంట్రాక్టరు దేవన్న ఇవాళ సాయంత్రం అయిదింటికే ఆటో తెస్తానన్నాడు. మిషను ఆవిరి పట్టుకుంటే రాజారాంతో సహా పెళ్లికి, ఇక ఈ ముహూర్తాలన్నిటికీ ఆయనకు పనే. పట్టుకోకపోతే అదే ఆటోలో పాత ఇనుము దుకాణానికి. ఆ షరతు రాజారాం తనంతట తానే పెట్టుకున్నాడు. మొండితనంలో ఆయనకు ఎవరూ సాటిరారు.

చక్కెర ఫ్యాక్టరీలో ముప్పయ్యొక్క ఏళ్లు బాయిలరు దగ్గర పనిచేశాడు. ఆ హోరు చెవులను కొంచెం కొంచెంగా కొరుక్కుతింది. మొదట దోమ వినబడటం మానేసింది, తర్వాత వాన, ఆ తర్వాత రుక్మాబాయి. రెండేళ్ల కింద ఫ్యాక్టరీ చేతులు మారి అందరితోపాటు ఆయననూ ఇంటికి పంపించారు. ఇప్పుడైనా మనిషి ఎదురుగా ఉంటాడు, నాలుగు మాటలు చెప్పుకోవచ్చు అనుకుంది ఆమె. మనిషైతే ఉన్నాడు. చెవుల డాక్టరు దగ్గరికి పోదామంటే, "నాకు ఇనబడ్తది, నువ్వే గొణుగుతవ్," అంటాడు.

మధ్యాహ్నానికి సైకిలు ట్యూబు కత్తిరించి వేసిన వాషరు ఉబ్బి చిరిగిపోయింది. ఆయన పానా విసిరికొట్టాడు. పెట్టిన రొట్టె ముట్టలేదు. బనీను తడిసి ఒంటికి అతుక్కుంది, ముఖం పాలిపోయింది. రుక్మాబాయికి అది నచ్చలేదు.

"జర పండుకో," అంది దగ్గరికెళ్లి.

"నిండుకున్నదా? పొద్దుగాల్నే పోసిన గదా గాసునూనె!" అంటూ ఆయన స్టవ్వు ఊపి చూశాడు.

ఇంకో రోజైతే నవ్వేది. ఇవాళ ఒళ్లు మండింది. ఆయన మణికట్టు పట్టుకుని మిషను ఎడమవైపు, గొట్టం డబ్బాలో కలిసే చోటికి గుంజింది. ఆయన చెయ్యి విదిలించుకున్నాడు.

"ముప్పయ్యేండ్లు బాయిలర్ కాడ ఉన్న. నాకు నేర్పుతున్నవా?"

"ఉన్నవ్ గని, ఎన్నడన్న ఒకరి మాట ఇన్నవా?"

ఆ మాట ఆయనకు వినబడిందో లేదో తెలియదు. ఆమె వచ్చి గోడవైపు తిరిగి కూర్చుని తునికాకు కత్తిరించింది. ఏడుపొచ్చింది. పెళ్లయి ముప్పైనాలుగేళ్లు, సగం కాలం ఆయన షిఫ్టులో ఉన్నాడు, మిగతా సగం తను అరిచింది. పోనీ, పాత ఇనుముకే పోనీ ఆ మిషను అనుకుంది. అనుకున్నందుకు మళ్లీ తన మీదే కోపమొచ్చింది.

నాలుగింటికి బీడీల చాట మీద నీడ పడింది. రాజారాం వంగి ఆమె దారపు ఉండ తీసుకున్నాడు. ఆమె ముఖం చూడకుండా, వీధివైపు చూస్తూ అడిగాడు.

"ఎటన్నవ్?"

రుక్మాబాయి ఎడమ చెయ్యి ఎత్తి చూపించింది.

ఆయన వెళ్లి ఎడమవైపు కీలు విప్పాడు. మరకు సందులు పూడ్చే తెల్ల సఫేదా ముద్ద పూసి, దాని మీద బీడీ దారం వరసకు వరస ఆనించి చుట్టి బిగించాడు. స్టవ్వుకు పంపు కొట్టాడు. ఆమె కత్తెర ఆపి చెవులు రిక్కించింది. నీళ్లు మరిగాయి. మీటరు ముల్లు కదిలింది. సుయ్‌మనే చప్పుడు రాలేదు.

"ఆగింది!" అని ఆమె చప్పట్లు కొట్టింది. ఆయనకు వినబడలేదు గాని ముల్లు చూసి తలూపాడు.

ఆమె మళ్లీ గోడవైపు తిరిగి చాట ముందు కూర్చుంది. కాసేపటికి కాఫీ వాసన వచ్చింది. గొట్టం పాలల్లో బుస్సుమంది. రుక్మాబాయి ప్రాణం లేచొచ్చింది. ఎన్నడూ లేనిది, చేతులు బీడీలు చుడుతుంటే నోరు దానంతటదే మాట్లాడసాగింది.

"రుద్రూర్‌కు నేను గూడ వస్త. ఎవరన్న పిలిస్తే నీకు ఇనబడొద్దా? పక్కన నేనుండాలె. నీలం చీర కడ్త, ఏమంటవ్?"

జవాబు లేదు. ఆమెకది కొత్తా? ఇంకో ఆకు తీసుకుంది. అత్తగారి రోజులు, మొదటి షిఫ్టుకు ఆయన వేసుకెళ్లిన ఖాకీ అంగీ, అన్నీ చెప్పింది. ఆవిరి ఒకే తీరుగా బుసకొడుతూనే ఉంది.

"పాలు మాడ్తయ్, బంద్ చెయ్యి! ఓ అయ్యా, నీతోనే!"

విసుక్కుంటూ లేచింది. రాజారాం గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కళ్లు సగం తెరిచి మీటరు వైపే ఉన్నాయి. చెంబులో పాలు పొంగి గోనెపట్టా తడిసింది. ఆమె చెవి దగ్గరికి వంగి పిలిచింది. భుజం పట్టి కుదిపితే తల పక్కకు వాలింది. అప్పటికే ఆయన పోయి కొంతసేపైంది.

రుక్మాబాయి స్టవ్వు ఆర్పింది. ఆవిరి మెల్లగా తగ్గి ఆగిపోయింది. మలుపులో దేవన్న ఆటో హారను కొట్టాడు. 

మిషను అవతల ఎత్తుపీట మీద, దుమ్ము పడకుండా సాసరు మూత పెట్టి, ఆమె రోజూ చాయ్ తాగే స్టీలు గ్లాసు ఒక్కటే ఉంది. సాసరు ఎత్తి చూస్తే అంచుదాకా కాఫీ. నురగ ఇంకా దిగలేదు.