కామమ్మ దగ్గర చదువు

మా అమ్మాయి గంగాభవాని కావలిలో హాస్టల్లో ఉండి డిగ్రీ మూడో ఏడు చదువుతోంది. ఆ కాలేజీలో అందరికీ ఒకే పుస్తకాలు ఉండవు. ఎవరికి ఏది తెలుసుకోవాలనుంటే అది, మేడంతో కూర్చుని తామే రాసుకోవాలి. మా భవాని కొంత చరిత్ర, కొంత నీళ్ళ శాస్త్రం, కొన్ని పాటలు కలిపి మా పులికాట్ సరస్సు చుట్టూ తన చదువు అల్లుకుంది. చివరి ఏడు మాత్రం ఒక పని చేత్తో నేర్చుకుని తీరాలి. నేర్పేవాళ్ళు ఆ పని మీద బతికేవాళ్ళై ఉండాలి. ఒప్పుకున్నట్టు కాగితం మీద వాళ్ళ సంతకమో వేలిముద్రో పడాలి. పడకపోతే ఆ ఏడు పోయినట్టే.

నేను తొమ్మిదో తరగతి వరకు చదివినవాణ్ణి. ఇదేం చదువో పూర్తిగా అర్థం కాలేదు గానీ, పని నేర్చుకోమన్నందుకు సంతోషించాను. మా జాలర్ల పాలెంలో పడవలున్నాయి, వలలున్నాయి, నేనున్నాను. భవాని ఇంటికొచ్చిన రోజు పూజ ముగించి, ప్రసాదం చేతిలో పెట్టి అడిగాను.

"వల అల్లేది నేర్పేదా, పడవ నడిపేదా?"

"రెండూ కాదు నాయనా. కామమ్మవ్వ దగ్గర చేత్తో రొయ్యలు పట్టేది నేర్చుకుంటా."

నా భార్య వనజాక్షి స్టవ్ ఆపేసి బయటికొచ్చింది.

కామమ్మ గిరిజన కాలనీలో ఉంటుంది. అక్కడి యానాది ఆడవాళ్ళు నడుములోతు నీళ్ళలో వంగి, బురదలో తడిమి రొయ్యలు పట్టుకుంటారు. రెండు చేతులూ పనిలో ఉంటాయి కాబట్టి తాటాకు బుట్ట తాడును పళ్ళతో కరిచి పట్టుకుంటారు. మా పాలెంలో ఎంత లేనివాళ్ళయినా ఆ పని చెయ్యరు. పడవ అమ్ముకుంటారు గానీ బురదలో చెయ్యి పెట్టరు.

"సరస్సు అడుగున బురద ఏటేటా ఎట్లా మారతా ఉండాదో ఆ అవ్వ కాలు పెట్టి చెప్పేస్తది. నువ్వు చెప్పగలవా?" అంది భవాని.

చెప్పలేను. 

మర్నాడు కాలనీకి వెళ్ళి, ముఖం చిన్నబుచ్చుకుని తిరిగొచ్చింది.

"ఒప్పుకోలా. మీ నాయనొచ్చి అడిగితే చూస్తా అనింది. ఏం చేసినావు నాయనా ఆమెని?"

చేసింది చెప్పాను. పోయినేడు నేను వల కట్టే గుంజల దగ్గర కామమ్మ రొయ్యలు తడుముతుంటే, బురద రేగి చేపలు పోతాయని కోపం వచ్చింది. ఆమె బుట్ట లాక్కుని, పూటంతా పట్టిన రొయ్యల్ని నీళ్ళలో పోసేశాను. అది కార్తీక సోమవారం.

"ఉపవాసం ఉండి చేసినావా?" అంది భవాని. 

ఆ మాట రెండు రోజులు నా వెంట తిరిగింది. నోట్లో మెతుకు పెట్టకుండా ఉండి, ఇంకొకరి కూడు నీళ్ళలో పోస్తే ఆ ఉపవాసం లెక్కలోకి వస్తుందా, రాదా? దీపం పెట్టి స్వామినే అడిగాను. తెలిసిన సంగతి మళ్ళీ అడుగుతావేం అన్నట్టు చూశాడు.

కాగితం సోమవారానికి కాలేజీ చేరాలి. శనివారం పొద్దున వనజాక్షిని తాంబూలం సర్దమన్నాను. మా పాలెంలో పిల్లనడిగినా, పడవలో వాటా అడిగినా, తాంబూలంతోనే అడుగుతాం. ఇచ్చినవాడు మాట వెనక్కి తీసుకోకూడదు.

"వాళ్ళకి తాంబూలమా?" అంది వనజాక్షి.

"అడిగేది మనం గదా."

భవానీ నేనూ బయల్దేరితే, నాతో పడవలో వచ్చే వెంకటేష్ దారిలో ఎదురయ్యాడు.

"ఏం చిన్నబాబన్నా, పళ్ళెం ఎత్తుకుని కాలనీ పక్కకి పోతుండావు? వియ్యమందేదానికా?"

"బిడ్డని చదువులో చేర్చేదానికి."

"కాలేజీ ఆడికొచ్చిందా?"

"వచ్చింది. నువ్వూ చేరతావా?"

కామమ్మ గుడిసె ముందు కూర్చుని బుట్టకు తాడు కడుతోంది. లేవలేదు. నేను పళ్ళెం ఆమె ముందు రెండడుగుల దూరంలో నేల మీద పెట్టి వెనక్కి జరిగాను. ఏం చేశానో నాకే తెలియలేదు. కాలనీ వాళ్ళకు ఏదిచ్చినా మా పెద్దవాళ్ళు అట్లాగే ఇచ్చేవాళ్ళు.

కామమ్మ పళ్ళెం ముట్టలేదు.

"నీ బిడ్డ నా చెయ్యి పట్టుకుని బురదలో దిగాల. నువ్వేమో ఆకు నా చేతికియ్యలేకపోతివి. ఇంకా నేనేం నేర్పేది?"

నాకు సిగ్గేసింది. కోపం కూడా వచ్చింది, అబద్ధమెందుకు. వెనక్కి తిరిగి వెళ్ళిపోవడానికి ఒక్క అడుగు చాలు. భవాని నన్ను బతిమాలలేదు. ఏడాది పోయినా సరే, ఇంకో పనికి మారదని దాని ముఖంలోనే తెలుస్తోంది. ఇరవై ఏళ్ళ పిల్ల అంత గట్టిగా నిలబడితే, నేను వంగడానికి ఏమొచ్చింది?

పళ్ళెం ఎత్తి దగ్గరికి వెళ్ళాను.

"అక్కా, పోయినేడు తప్పు చేసినాను. నా బిడ్డకి పని నేర్పు."

ఆమె రెండు చేతుల్లో పెట్టాను. ఆమె వేళ్ళు నా వేళ్ళకు తగిలాయి, ఆల్చిప్పల్లా గరుకుగా.

"అక్కా అనేది బాగనే ఉండాది. రేపు మళ్ళా నీ వల కాడికొస్తే?"

"రా. ఎవరన్నా తరిమితే నన్ను పిలువు."

"నేను పిలిచేదేంది? నువ్వే ముందు మీ పాలెంలో చెప్పు."

"చెప్తా."

అప్పుడు ఆకు నోట్లో వేసుకుంది. కాగితం మీద వేలిముద్ర వేస్తూ భవానితో, "పొద్దున్నే రా. గోళ్ళు కత్తిరించుకోని రా. పుస్తకం తేబాక, దాంతో పన్లేదు," అంది.

ఆ సాయంత్రం వల షెడ్డు దగ్గర అందరూ ఉండగా, కామమ్మను నా వల దగ్గర ఎవరూ తరమొద్దని చెప్పాను. గోల లేచింది. పాలెం పెద్ద కామాక్షయ్య మామ చెయ్యెత్తి ఆపాడు.

"సరస్సులో నీ వల వేసే వంతు ఆపేస్తే ఏం చేస్తావురా?"

"ఆపితే ఆపు మామా. తాంబూలం ఇచ్చేసినా."

ఆయన గడ్డం రుద్దుకున్నాడు. "ఇచ్చినాక మేమేం చెప్పేది? నీ గుంజల వరకే సుమా," అన్నాడు.

ఆదివారం భవాని మూడు గంటలు నీళ్ళలో ఉండి, ఖాళీ బుట్టతో, గీరుకుపోయిన వేళ్ళతో ఒడ్డుకొచ్చింది.

"ఒకటన్నా దొరికిందా?"

"జారిపోయింది నాయనా. వెనక్కి జారతది అది. చెయ్యి వెనకాల పెట్టాల," అంటూ మళ్ళీ నీళ్ళలోకి దిగింది.