థార్న్‌బెక్ లూపు

మా అన్న లెస్లీని పూడ్చిపెట్టే రోజున నేను పనిలో ఉన్నాను. ఉండవలసింది కాదు. సెలవు అడిగాను. ఆఫీసులో డ్యూటీలు వేసే డయాన్ ఫోను చెవిన పెట్టుకునే కాగితాలు చాలాసేపు తిరగేసింది.

"సగం రోజు ఇవ్వగలను నాయనా. పొద్దున్నే క్వారీ నుంచి రాయి మోసే గూడ్సు బండి తెచ్చి థార్న్‌బెక్ లూపులో పెట్టు. పన్నెండింటికి నెవిల్ వచ్చి నీ దగ్గర తీసుకుంటాడు. వాడొచ్చిన కారులోనే నువ్వు ఇంటికెళ్ళిపో. ఒంటిగంటకు కదా ప్రార్థన? చొక్కా మార్చుకుని టీ కూడా తాగొచ్చు."

సరేనన్నాను. అరవై మూడేళ్ళ వయసులో, నలభై నాలుగేళ్ళ ఉద్యోగంలో, సరే అనడం నాకు ఊపిరి పీల్చడమంత అలవాటు.

లెస్లీ నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. తనూ రైలు డ్రైవరే. నాకు పని నేర్పింది కూడా తనే. ఆసుపత్రిలో ఆఖరి వారం నా మణికట్టు పట్టుకుని ఒకటే అడిగాడు. "చిన్నోడా, నన్ను మోసేటప్పుడు తల వైపు నువ్వుండు. ఆ శవపేటికల కొట్టు కుర్రాళ్ళు ఒకడు తాడిచెట్టంత, ఒకడు మోకాలంత. వాళ్ళ చేతిలో పడితే దారిలోనే దొర్లిపోతాను." నవ్వాడు, దగ్గాడు. ఉంటానని మాటిచ్చాను. అతను అడిగింది అదొక్కటే.

ఆ రోజు పొద్దున క్వారీకి వెళ్తే, బండికి కట్టాల్సిన కొత్త ఇంజను స్టార్టు కాలేదట. దాని బదులు షెడ్డులోంచి పాతదాన్ని లాక్కొచ్చి పెట్టారు. ముప్పై ఏడో రకం. పంతొమ్మిది వందల అరవై అయిదులో చేసినది. దాని గొంతు వినగానే నాకు సంతోషం వేసింది. ఆ మాట దాచను. అన్నయ్యను సాగనంపే రోజున అన్నయ్య నడిపిన ఇంజనే దొరికిందని, దేవుడే పంపాడని కూడా అనుకున్నాను. ముందు తలుపు సందుల్లోంచి చలిగాలి కత్తిలా కొడుతుంటే, ఎప్పటిలాగే పాత పేపరు మడిచి దోపాను. కేబిన్లో ఉన్న చిన్న పొయ్యి మీద టీ పెట్టుకున్నాను. పన్నెండింటికి పది నిమిషాల ముందే లూపులోకి వచ్చి ఆగాను.

లూపంటే మెయిన్ లైను పక్కనుండే రెండో లైను. ప్యాసింజరు బళ్ళు దాటిపోయేదాకా మా గూడ్సులు అందులో పడుంటాయి. అక్కడినుంచి చూస్తే మా ఊరు కనిపిస్తుంది. పొలాల అవతల, ప్రార్థన జరిగే మా మెథడిస్టు చాపెల్ పలకల కప్పు, దాని ముందు ఆగిన కార్లు. నడిచి వెళ్ళినా అరగంట.

నెవిల్ క్రాషా పన్నెండుం పావుకు కారు దిగాడు. వాడికి యాభై దాటలేదు, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. ఇంజను చూడగానే వాడి ముఖం వాడిపోయింది.

"ఇదేంట్రా క్లిఫ్? ఈ ముసల్ది ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"కొత్తది పొద్దున మొరాయించింది. ఏం?"

"ఏమా? దీనికి నా సంతకం లేదయ్యా బాబూ! నవంబరులోనే చెల్లిపోయింది."

అప్పుడు నాకు తెలిసింది నేను చేసిన పని.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఏ రకం ఇంజను నడపాలన్నా, ఆ రకం నాకు వచ్చునని డ్రైవరు సంతకం పెట్టి ఉండాలి. ఆరు నెలలు దాన్ని ముట్టకపోతే ఆ సంతకం చెల్లదు, మళ్ళీ పరీక్ష రాయాలి. కొత్త రకాలకు అందరి సంతకాలూ ఉంటాయి. ఈ ముసలివాటికి మా డిపోలో మిగిలింది ముగ్గురం. ఒకడు మోకాలు కోయించుకుని మంచంలో ఉన్నాడు, ఒకడు ఆ వారం స్కాట్లండులో ఉన్నాడు. మూడోవాణ్ణి నేను. ఇంజను మార్చినప్పుడు మనిషిని కూడా మార్చాలన్న సంగతి ఆఫీసులో ఎవరికీ తట్టలేదు. కానీ ఆ పాత ఇంజను ఎక్కినవాణ్ణి నేను. ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. ఇంజను చూసిన ఆనందంలో నాకూ తట్టలేదు.

డయాన్‌కు ఫోను చేశాను. ఫోనులో కాగితాలు తిరగేసిన చప్పుడు. తర్వాత, "అయ్యో నాయనా," అంది. "ఉండు, ఎవరైనా దొరుకుతారేమో చూస్తాను." ఎవరూ లేరని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

"బండి ఇక్కడే వదిలేసి పోతే?" అన్నాడు నెవిల్.

"రాత్రిదాకా లూపు మూసుకుపోతుంది. వెనక రెండు బళ్ళున్నాయి. సిగ్నల్ కేబిన్లో జాయిస్ ఒప్పుకోదు."

నెవిల్ కాసేపు కిటికీలోంచి చాపెల్ వైపు చూశాడు. తర్వాత తన సంచి తీసి సీటు మీద పెట్టాడు.

"పో. నేను తీసుకుపోతాను."

"ఏంట్రా?"

"పదమూడేళ్ళు నడిపాను దీన్ని. నవంబరుకీ ఇప్పటికీ నా చేతులేమైనా ఊడిపడ్డాయా? కాగితం ఒక్కటే కదా పోయింది. ఎవరు చూడొచ్చారు? నీకున్నది ఒక్కడే అన్న. దిగు ముందు."

నేను మంచివాణ్ణని చెప్పుకోను. దిగాను. కోటు చంకలో పెట్టుకుని, మెట్లు దిగి, కంకర మీద నిలబడ్డాను. కారు డ్రైవరు కారు స్టార్టు చేశాడు. అప్పటికి పన్నెండు నలభై. చేరుకోగలను. ప్రభువా, ఇది నువ్వు తెరిచిన తలుపేనా అని మనసులో అడిగాను. జవాబు కోసం పైకి చూశానో లేదో, కేబిన్లో నెవిల్ కనిపించాడు.

వాడు సీట్లో కూర్చుని బ్రేకు కోసం చెయ్యి చాచాడు. ఆ చెయ్యి కొత్త ఇంజన్లలో బ్రేకు ఉండే చోటికి వెళ్ళింది. అక్కడ ఏమీ లేదు. తడుముకుని, తల తిప్పి చూసి, అప్పుడు పట్టుకున్నాడు. అంతే. రెండు క్షణాలు పట్టి ఉంటుంది.

ముందున్నది రేవెన్ వాలు. అయిదు మైళ్ళు ఏకధాటిగా దిగుడు. వెనక పదమూడు వ్యాగన్ల రాయి, వెయ్యి టన్నులు. ఆ పాత ఇంజను బ్రేకు చెప్పిన వెంటనే వినదు. ముందుగా అడగాలి, కొంచెం ఆగాలి, మళ్ళీ అడగాలి. అది చేతికి తెలియాలి. వాలు కింద ఇంకో ఊరి స్టేషను.

మళ్ళీ మెట్లెక్కాను.

"ఏంటి, ఏమైనా మర్చిపోయావా?" అన్నాడు నెవిల్.

"లే."

"క్లిఫ్..."

"లేవరా. నీకు ఆడపిల్లలున్నారు."

వాడు నా ముఖం చూసి లేచాడు. ఇక వాదించలేదు. కారు పంపేశాడు కానీ, తను మాత్రం దిగలేదు. "నిన్నొక్కణ్ణీ వదిలి పోతానా ముసలోడా? నీ టీ తాగి ఎవడైనా బతికాడా?" అంటూ పొయ్యి వెలిగించాడు.

ఒంటిగంటకు చాపెల్ గంట కొట్టారు. గాలి అటునుంచి ఇటే వీస్తోంది. మా ఆవిడ మ్యూరియల్‌కు అంతకుముందే ఫోను చేసి చెప్పాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. "తల వైపు ఎవరిని పెట్టను మరి?" అని మాత్రం అడిగింది. "కొట్టు కుర్రాడు ఒకడున్నాడులే, పొడుగాడు," అంది తనే, నెమ్మదిగా. లెస్లీ అడిగిందీ, ఇదీ నెవిల్‌కు చెప్పాను.

సిగ్నలు ఎర్రగానే ఉంది, కానీ ఏ క్షణాన మారుతుందో తెలియదు, దిగి పోవడానికి లేదు. రెండు ప్యాసింజర్లు దాటిపోయాయి. వాటిలో జనం తింటున్నారు, ఫోన్లు చూసుకుంటున్నారు. నేను దేవుడితో కొంచెం మాట్లాడాను. నా తప్పు ఒప్పుకున్నాను. కానీ ఒకటి అడిగాను కూడా. ఏటా జనవరిలో ఆ కాగితం నా ముందు పెడతారు. సంతకం పెట్టకపోతే నన్నడిగేవాడు లేడు. చిన్నవాళ్ళంతా మానేశారు. నేను మాత్రం ప్రతిసారీ పెట్టాను. లెస్లీ నేర్పిన విద్య కదా, పోనివ్వకూడదని పెట్టాను. ప్రేమతో చేసిన పని మనిషి కాళ్ళకు ఇలా ఎందుకు చుట్టుకుంటుంది తండ్రీ? నాకింకా తెలియదు.

ఒంటిగంట యాభైకి జాయిస్ ఫోను చేసింది. "క్లిఫర్డ్, రెండింటికి నీకు దారిస్తున్నాను."

చాపెల్ నుంచి శ్మశానానికి రోడ్డు లూపు చివర గేటు దగ్గర మా పట్టాలు దాటుతుంది. రెండింటికే వాళ్ళు బయల్దేరతారు.

"జాయిస్, పది నిమిషాలు ఆపగలవా? గేటు దగ్గరికి మా అన్న వస్తాడు."

లెస్లీ ఆమెకూ తెలుసు.

"ఆపితే నీ స్థానంలో ఎక్స్‌ప్రెస్సు పోతుందయ్యా, దాని వెనక ఇంకోటి. గేటు ఒకసారి పడితే రెండూ పోయేదాకా లేపలేను. పది నిమిషాలు నిలబడతాడు పాపం. నువ్వు పోతే రెండు నిమిషాలే. నువ్వే చెప్పు."

"నేనే పోతాను," అన్నాను.

సిగ్నలు పచ్చబడింది. ఇంజను ఒళ్ళంతా వణికి, గొంతు పెంచి, బండిని కదిలించింది. లూపు దాటేదాకా గంటకు పదిహేను మైళ్ళకు మించి పోకూడదు. మలుపు తిరగగానే గేటు కనిపించింది. అడ్డకర్రలు పడి ఉన్నాయి. వాటి వెనక, నా వైపే, నల్లటి శవవాహనం.

అద్దాల్లోంచి పేటిక కనిపిస్తోంది. పైన తెల్లపూలు. దాని వెనక కారులో మ్యూరియల్, ఒళ్ళో చేతులు పెట్టుకుని.

లేచి నిలబడాలనిపించింది. మా ఊళ్ళో శవం ఎదురైతే మగవాళ్ళు ఆగి, లేచి, టోపీ తీస్తారు. ముక్కూముఖం తెలియనివాళ్ళకే తీస్తారు. కానీ ఇంజన్లో డ్రైవరు పాదం కింద ఒక పెడలుంటుంది. బండి నడుస్తున్నంతసేపూ దాన్ని తొక్కి ఉంచాలి. పాదం తీస్తే, డ్రైవరు చచ్చాడనుకుని ఇంజను తనంతట తనే బ్రేకులు వేసేసుకుంటుంది. నేను లేస్తే వెయ్యి టన్నులూ గేటుకు అడ్డంగా ఆగుతాయి. మా అన్న అక్కడే ఉండిపోతాడు.

లేవలేదు. పాదం నొక్కిపెట్టి, చెయ్యి హ్యాండిలు మీదే ఉంచి, తల మాత్రం తిప్పాను. మూడు గజాల దూరంలో లెస్లీ దాటిపోతున్నాడు. కాదు, దాటిపోతున్నది నేను.

నా వెనక చప్పుడైంది. నెవిల్ లేచాడు. టీ కప్పు కింద పెట్టి, టోపీ తీసి గుండెకు ఆనించుకుని, నా సీటు పక్కన కిటికీ నిండా కనిపించేలా నిటారుగా నిలబడ్డాడు. రెండో చెయ్యి నా భుజం మీద వేశాడు. బరువుగా వేశాడు. వ్యాగన్లు ఒక్కొక్కటే గేటు దాటేదాకా తీయలేదు.

మ్యూరియల్ మమ్మల్ని చూసింది. చేతి తొడుగున్న చెయ్యి కొంచెం పైకెత్తింది.

చివరి వ్యాగను దాటాక, పక్క అద్దంలో అడ్డకర్రలు లేవడం చూశాను. నల్లబండి పట్టాల మీదుగా మెల్లగా కుదుపులతో అవతలికి దిగింది.

"పొడుగాడు సరిగ్గానే పట్టుకుని ఉంటాడులే," అన్నాడు నెవిల్. "నువ్వేమో పొట్టోడివి. నువ్వుంటేనే దొర్లేవాడు మీ అన్న."

నాకు నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళు మసకబారాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. రేవెన్ వాలు మొదలవుతోంది. బ్రేకును ముందుగా, కొంచెంగా అడిగాను. అది వినేదాకా ఆగాను.