కట్టిన రెండు వేళ్ళు

తన కుడిచేతి చిటికెన వేలినీ దాని పక్క వేలినీ కలిపి ప్లాస్టరు రెండు చుట్లు చుట్టి, కత్తెరతో కత్తిరించాడు టెక్నీషియన్. ఐసీయూలోంచి పేషెంటును స్కానింగుకు తీసుకువెళ్ళే ముందు ప్రతిసారీ చేసే పనే అది.

"బాబాయ్, ఆ వేళ్ళకి మళ్ళీ పెళ్ళి చేశావా?" అంది సిస్టర్.

"విడిగా ఉంటే బుద్ధిగా ఉండవు సిస్టర్."

ఇరవై రెండేళ్ళ కిందట, ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక పేషెంటు ఛాతీ నిండుగా లేవాలని అయిదు వేళ్ళతోనూ ఊపిరి బ్యాగు నొక్కాడు. మేలు చేస్తున్నాననే అనుకున్నాడు. బిగుసుకున్న ఊపిరితిత్తి ఆ మేలుకు చిల్లుపడింది. ఎవరూ నిందించలేదు. అందుకే కాబోలు, ఆ నింద ఇప్పటికీ అతని దగ్గరే ఉంది.

ఇవాళ్టి పేషెంటు ఒక దర్జీ. న్యుమోనియాతో వారం రోజులుగా వెంటిలేటరు మీద ఉన్నాడు. యంత్రాన్ని తప్పించి, గొట్టానికి రబ్బరు బ్యాగు తగిలించి, మూడు వేళ్ళతో నొక్కగానే టెక్నీషియన్ అరచేతికి సంగతి తెలిసింది. మొన్న తడి స్పాంజిలా ఉన్న ఊపిరి ఇవాళ కొత్త తోలుచెప్పులా ఎదురుతిరుగుతోంది.

తలుపు దగ్గర దర్జీ కూతురు నిలబడి ఉంది. "అన్నా, జాగ్రత్తగా తీసుకొస్తావుగా?"

"తీసుకొస్తానమ్మా."

లిఫ్టులో ఆక్సిజన్ అంకె ఎనభై ఎనిమిదికి దిగింది. వెంట వచ్చిన కొత్త డాక్టరమ్మకు చెమటపట్టింది.

"కొంచెం గట్టిగా నొక్కండి. ఛాతీ లేవడమే లేదు."

"ఈ ఊపిరికి ఇంతే పడుతుందమ్మా. చిన్నగానే, గబగబా ఇద్దాం."

"అంకె చూస్తున్నారా?"

"చూస్తున్నాను. ఎనభై ఎనిమిదితో నెట్టుకురావచ్చు. చిల్లుపడితే అసలు అంకే మిగలదు."

ఆమె దర్జీ నాడి పట్టుకుని లెక్కపెట్టసాగింది. అతని మూడు వేళ్ళూ సలుపుతున్నాయి. కట్టిన రెండూ సాయానికి వస్తామని లాగుతున్నాయి. ఒకరి ప్రాణాన్ని పట్టుకున్న చెయ్యి ముందుగా కాచుకోవలసింది తన బలాన్నే. పోనూ రానూ ఇరవై నిమిషాలు. అంకె అక్కడే నిలిచింది. అతని చెయ్యి కూడా.

స్కానింగులో ఎక్కడా చిల్లు లేదు. కాని రెండు ఊపిరితిత్తులూ దాదాపు పూర్తిగా తెల్లబడ్డాయి. మధ్యాహ్నానికి యంత్రం ఎంత తోసినా గాలి పోయే చోటు మిగల్లేదు. మూడున్నరకు దర్జీ గుండె నెమ్మదించి, ఆగింది.

"అన్నా, ఆ దారిలో నాన్న బాధపడ్డాడా?" అంది కూతురు.

అబద్ధం రాకుండా చూసుకున్నాడు. "నా చెయ్యి ఆయన్ని గాయపరచలేదమ్మా."

ఆమె ఆ కట్టిన వేళ్ళనే పట్టుకుని కాసేపు నిలబడి, వెళ్ళిపోయింది.

"బాబాయ్, నాలుగో మంచం స్కానింగుకి," సిస్టర్ మెల్లగా అంది.

"వస్తున్నా."

పాత కట్టును వేళ్ళమీంచి జార్చి, కొత్త ప్లాస్టరు చుట్టుకుంటూ కదిలాడు. దుప్పటి తీసేసిన మంచం పక్కన, బల్లమీద, ఆ చిన్న తెల్లని కట్టు రెండు వేళ్ళ ఆకారం విడవకుండా నిలబడి ఉంది.