కుడిచేతి నుంచి ఎడమచేతికి

నేను ఒక ఇనుప తాళంచెవిని. దగ్గరగా జరిగి కూర్చో తల్లీ, తుప్పు పట్టి గొంతు బొంగురుపోయింది. నన్ను కొలిమిలో కాల్చి సాగదీసిన కమ్మరి, "జైలుకి పోతోంది, ఇక దీనికి దొంగల భయం లేదు" అని నవ్వాడు.

నా కాపురం ఒక చిన్న సబ్‌జైల్లో, ఆడఖైదీల గది తాళంతో. అక్కడొక పద్ధతి ఉండేది. డ్యూటీ దిగే వార్డరు నన్ను చాచి "తాళం ఇచ్చాను" అనాలి, ఎక్కే వార్డరు "తాళం తీసుకున్నాను" అనాలి. అప్పుడే దిగినావిడ గేటు దాటాలి. ఆ గదికి ఆడవాళ్లే కాపలా ఉండాలి కదా, ఉన్న ఇద్దరిలో ఒకావిడ రిటైరైపోయింది. ఆవిడ స్థానంలోకి ఎవరూ రాలేదు. మిగిలిన పైడితల్లమ్మ గేటు పక్క గదిలోనే చాప పరుచుకుంది. పద్ధతి మాత్రం తప్పలేదు. వేళ కాగానే నన్ను కుడిచేతి నుంచి ఎడమచేతిలో పెట్టుకుని "తాళం ఇచ్చాను" అనేది, మళ్లీ తనే "తాళం తీసుకున్నాను" అనేది. రూలుని ఎంత బాగా చూసుకుంటారో ఈ మనుషులు, మనిషినే మరిచిపోతారు.

అక్కని అప్పా అని పిలిచే ఖైదీ తవిటమ్మ కడ్డీల వెనక నుంచి ఎకసెక్కమాడేది. "ఏటప్పా, ఎడం చెయ్యికి కూడా జీతం ఇత్తన్నారేటి? నాకు బెయిలొత్తాది గానీ నీకు రాదప్పా!"

ఆ వేసవిలో పైడితల్లమ్మ కూతురికి నెలలు నిండాయి. తొలి కాన్పు. "నొప్పులొచ్చేసరికి నువ్వుండాలమ్మా" అని ఫోనులో ఏడ్చింది. సెలవడిగితే జైలరు గారు తల గోక్కున్నారు. "ఇవ్వనని కాదమ్మా, తాళం ఎవరికిచ్చి వెళ్తావు?" పైడితల్లమ్మ గుప్పిట్లో చెమటకి నేను తడిసిపోయాను.

అప్పుడే జైలు సిబ్బంది కోసం అసెంబ్లీలో కొత్త చట్టం తెస్తున్నారు. ముందు జైళ్లు చూడాలని ఎమ్మెల్యేల కమిటీ బయల్దేరింది. మా దగ్గరికొచ్చిన ఎమ్మెల్యేగారితో జైలరు గారు "సర్దుకుంటున్నాం మేడం" అంటుండగా డ్యూటీ మారే గంట మోగింది. పైడితల్లమ్మ అలవాటుగా నన్ను చెయ్యి మార్చి రెండు మాటలూ తనే పలికింది.

ఎమ్మెల్యేగారు నవ్వారు. "ఎవరితోనమ్మా మాటలు?"

"డ్యూటీ మారతన్నానండి."

"ఎవరితో?"

"నాతోనేనండి."

లోపలి నుంచి తవిటమ్మ అందుకుంది. "ఆ యమ్మ కూతురికి నొప్పులొత్తే ఏ చెయ్యి ఎల్తాదో అడగండమ్మా!"

ఎమ్మెల్యేగారి నవ్వు ఆగిపోయింది. పైడితల్లమ్మని అడిగి నన్ను తీసుకుని, కాసేపు అరచేతిలో పట్టుకుని చూశారు.

ఏ గదినీ ఒక్క వార్డరు మీద వదలకూడదని, ఖాళీని గడువులోగా నింపాలని, అప్పటిదాకా పక్క జైలు నుంచైనా మనిషిని పంపాలని చట్టమైంది. కానీ చట్టాలు నాకంటే బరువు తల్లీ, మెల్లగా కదులుతాయి. పసిపిల్ల ఆగలేదు. ఆ పిల్ల తొలి ఏడుపు అమ్మమ్మకి ఫోనులోనే వినిపించింది.

ఒక ఉదయం రోహిణి అనే కొత్త వార్డరు వచ్చింది. "తాళం ఇచ్చాను" అంది పైడితల్లమ్మ. అంటూనే ఆమె ఎడమచెయ్యి దానంతటదే ముందుకొచ్చేసింది.

"ఆ చెయ్యి దించండి పిన్నిగారూ, నాకివ్వండి" అని రోహిణి నవ్వుతూ నన్నందుకుంది. "తాళం తీసుకున్నాను."

ఇంకో గొంతులో ఆ మాట విని పైడితల్లమ్మ తన చాప చుట్టి చంకన పెట్టుకుంది. తర్వాత గేటు దాటింది. వెనక నుంచి తవిటమ్మ కేకేసింది. "మనవరాల్ని రెండు చేతులా ఎత్తుకో అప్పా, ఎడం చెయ్యి కూడా కాళీయే గదా!"

ఇప్పుడా తలుపుకి మీట నొక్కే తాళం వచ్చింది. నేను ఈ స్టోరు గదిలో మేకుకి వేలాడుతున్నాను. గుర్తుంచుకో తల్లీ. "సర్దుకుంటున్నాం" అని ఎవరైనా అంటే, పైడితల్లమ్మ ఎడమచేతి సంగతి వాళ్లకి చెప్పు.