ఏడో గది తలుపు

ఎనిమిది రోజులుగా ఆ అమ్మాయి ఏడో గదిలోనే చస్తోంది. తెర మీద చావే కాబట్టి ఎవరూ కంగారుపడలేదు. వెనక కుర్చీలో కూర్చునే కత్తిగారు మొదటి రెండు రోజులూ ఎన్నిసార్లు చచ్చిందో లెక్కపెట్టి, తర్వాత విసుగొచ్చి మానేశారు.

జనం చేతికి వెళ్ళకముందే ఆటలు ఆడి, తప్పులు రాసివ్వడం ఆమె పని. నడిస్తే అడుగుల చప్పుడు ఉండదు, పిలిస్తే తప్ప పలకదు. అందుకని ఆఫీసులో అందరూ పిల్లి అనేవారు. ఆటలో కొట్లాటలన్నీ తయారుచేసేది కత్తిగారు. ఆయన అసలు పేరు చాలామందికి తెలియదు.

పరీక్ష గదికి కిటికీ లేదు. విడుదల కాని ఆట బయటికి పొక్కకూడదని తలుపుకి కార్డు తాళం పెట్టారు. పిల్లి టెంపరరీ. ఆమె కార్డుతో లోపలికి రావచ్చు గానీ, బయటికి పోవాలంటే పర్మనెంటువాళ్ళెవరైనా తమ కార్డు చూపించాలి. మంచినీళ్ళకైనా, మరోదానికైనా "సార్, కొంచెం తలుపు..." అని అడగాల్సిందే. మాటిమాటికీ అడగడానికి మొహమాటపడి ఆమె నీళ్ళు తాగడమే తగ్గించేసింది.

ఆ రోజు సాయంత్రం ఐదింటికి ఆమె ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. "ఎవరి కంటా పడకుండా, ఎవరినీ చంపకుండా ఈ ఆట మొత్తం పూర్తి చేయవచ్చు" అని అందులో ఉంది. ఆట డబ్బా మీదా అదే మాట వేస్తారు. సంతకం పెడితే ఆట బయటికి పోతుంది, ఆమె పర్మనెంటు అవుతుంది. పెట్టకపోతే వచ్చే వారం నుంచి రానక్కర్లేదని ఎవరూ నోరు విప్పి చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు.

ఇంట్లో అక్కాబావలకి ఉన్నది ఒకటే గది. మధ్యలో దుప్పటి అడ్డం కట్టి, అటు వాళ్ళు, ఇటు తను. పొద్దున టీ గ్లాసు చేతికిస్తూ అక్క అడిగింది.

"ఏమే, ఇవాళైనా పర్మనెంటు చేస్తారా? పాపం మీ బావ గురక పెట్టడానికి కూడా జంకుతున్నారు."

"నేను గురక పెట్టను," అన్నాడు బావ దుప్పటి అవతలి నుంచి.

ఇప్పుడు పరీక్షిస్తున్నది రెండో ఆట. దీనికి ముందొచ్చిన మొదటి ఆటని ఆమె ఆ దుప్పటి ఇవతల కూర్చునే, బావ పాత కంప్యూటర్లో ఆడింది. అందులో ఉత్తరం మోసే మనిషి ఒకడు కోట దాటాలి. చేతిలో చిన్న బాకు. రెండు దెబ్బలు తగిలితే పోతాడు. కొట్లాటకి దిగడమంటే కొరివితో తల గోక్కోవడమే. అందుకే ఏ గదికైనా రెండు మూడు దార్లుండేవి. దూలాల మీదుగా పాకవచ్చు, కిటికీ బయట గోడ పట్టుకుని జరగవచ్చు. బట్టల బుట్టలో కూర్చుంటే కాపలావాడు పక్కనుంచే కూనిరాగం తీసుకుంటూ పోయేవాడు. ఆ ఆటలో దాక్కునే చోట్లన్నీ, రెండువందల పన్నెండు, ఆమె రాసి పంపితేనే ఈ ఉద్యోగం వచ్చింది.

రెండో ఆటలో కొట్లాటకి అందం వచ్చింది. దెబ్బని కాచుకోవచ్చు, మణికట్టు పట్టి విసిరేయవచ్చు, ఒకణ్ణి ఇంకొకడి మీదికి తోసేయవచ్చు. కాపలావాళ్ళకీ బుద్ధి వచ్చింది. తలెత్తి దూలాలు చూస్తారు, అల్మారాలు తెరుస్తారు, ఒకరినొకరు కేకేసుకుంటారు. ఇవన్నీ మెరుగేనని ఆమె రిపోర్టులో ఒప్పుకుంది. కానీ బుట్టలో కూర్చున్నప్పుడు తెర మీద పడే మాట మారిపోయింది. మొదట్లో "దాక్కున్నావు" అని వచ్చేది. ఇప్పుడు "పొంచి ఉన్నావు" అని వస్తోంది.

"రెండూ ఒకటేగా!" అన్నారు కత్తిగారు, ఆ సంగతి విని.

"కాదు సార్. దాక్కున్నవాడు బయటపడాలని చూస్తాడు. పొంచి ఉన్నవాడు మీదపడాలని చూస్తాడు."

"అబ్బో! అయినా పొంచి ఉండటం మీ పిల్లిజాతికి వెన్నతో పెట్టిన విద్యేగా, నీకేం కష్టం? మొదటి ఆట చూసి జనం ఏమన్నారో తెలుసా? వీళ్ళు కాపలా కాస్తున్నారా, గుడ్డి గుర్రాలకి పళ్ళు తోముతున్నారా అన్నారు. ఆర్నెల్లు కూర్చుని వాళ్ళకి చూపు తెప్పించాను తల్లీ."

ఆ చూపే ఏడో గదిలో ఆమె ప్రాణం తీస్తోంది. అడుగుపెట్టగానే వెనక ఇనప తలుపు ధడాలున మూసుకుంటుంది. ముగ్గురు కాపలావాళ్ళూ గిర్రున తిరుగుతారు. బల్ల కింద దూరినా, కిటికీ తెర వెనక నక్కినా, చెయ్యిపెట్టి బయటికి లాగుతారు.

మూడింటికి పెద్దసారు వచ్చారు. పరీక్షల విభాగం మొత్తానికి ఆయనే పెద్ద.

"నీ ఇబ్బంది నాకర్థమైందమ్మా. ఒక్క మాట చేర్చాం, చూడు," అని కాగితం ముందుకి జరిపారు.

"దాదాపు ఆట మొత్తం పూర్తి చేయవచ్చు" అని ఉంది.

ఆమె ఆ మాటనే చాలాసేపు చూసింది. "సార్, రెండో ఆట అంతటిలో దాక్కోవడానికి చోటు ఈ 'దాదాపు' వెనకే దొరికింది."

కత్తిగారు పకపకా నవ్వి, పెద్దసారు మొహం చూసి దాన్ని దగ్గులోకి మార్చుకున్నారు.

"హాస్యాలకేం గానీ, ఐదింటికి వస్తాను. నువ్వు పెట్టకపోతే పెట్టేవాళ్ళు పక్క గదిలో నలుగురున్నారు."

ఆయన వెళ్ళాక తలుపుకి దానంతటదే తాళం పడింది. పిల్లికి గొంతు ఎండిపోయింది. లేచి, తలుపు తీయమని అడగాలని గుర్తొచ్చి మళ్ళీ కూర్చుంది. సంతకం పెట్టేస్తే పోలేదా అనిపించింది. కానీ ఎక్కడో ఇంకెవరో, తనలాగే దుప్పటి ఇవతల కూర్చుని, ఈ సంతకాన్ని నమ్మి ఏడో గది దాకా వచ్చి ఇరుక్కుపోతారు.

ఆమె కంట్రోలర్ బల్ల మీద పెట్టేసింది. ఆటలో మనిషిని గది మధ్యలో ఊరికే నిలబెట్టి, వాళ్ళు నరుకుతుంటే చూస్తూ కూర్చుంది. ఒకసారి కాదు, పదకొండుసార్లు.

"ఏంటి తల్లీ, వైరాగ్యమా?" అన్నారు కత్తిగారు.

"సార్, వీళ్ళు నన్ను చూడట్లేదు."

"చూడకుండానే అంత శుభ్రంగా నరుకుతున్నారా?"

"ముందు తలుపు వంక చూస్తున్నారు. ఆ తర్వాతే నా వంక. ఆ చప్పుడు లేకపోతే ఇటు తిరగనే తిరగరు."

కత్తిగారు కుర్చీ దగ్గరికి లాక్కుని రెండుసార్లు చూశారు. ఆయన మొహంలో నవ్వు పోయింది.

"ఆ చప్పుడు నాదే. ఇంక పారిపోలేవురా, కొట్టు, అని చెప్పడానికి పెట్టాను. నిజం ఇనప తలుపు తెప్పించి నలభైసార్లు వేయించి రికార్డు చేశాను. అది తీసేస్తే నా కొట్లాట కోరలు పీకిన పాము."

"తీసేయొద్దు సార్. కొట్టుకుంటూ వచ్చినవాళ్ళకి అలాగే పడనివ్వండి. ఆరు గదులూ ఎవరికీ కనబడకుండా వచ్చినవాళ్ళకి మాత్రం మెల్లగా వేయండి."

 కత్తిగారు తన కంప్యూటర్ వైపు తిరిగారు. మార్చడానికి గంట పైనే పట్టింది. ఒకసారి తలుపు అసలు మూసుకోలేదు. ఇంకోసారి తలుపే మాయమైంది. ఆయన తనని తాను బండబూతులు తిట్టుకుని, ఆడపిల్ల ఉందని గుర్తొచ్చి "సారీ" అన్నారు.

నాలుగున్నర దాటాక పిల్లి ఏడో గదిలోకి అడుగుపెట్టింది. తలుపు ఆవలింత అంత మెత్తగా మూసుకుంది. ముగ్గురిలో ఒక్కడూ తిరగలేదు. ఆమె బల్ల నీడ పట్టుకుని పాకింది. ఎర్ర టోపీ పెట్టుకున్న కాపలావాడు కిటికీ వైపు నడిచేదాకా ఆగింది. అవతలి తలుపు గడియ ఎత్తింది.

"ఊపిరి పీల్చుకోవచ్చా?" అన్నారు కత్తిగారు గుసగుసగా, కాపలావాళ్ళకి వినపడుతుందేమోనన్నట్టు.

ఐదింటికి పెద్దసారు వచ్చారు. "ఏమైంది?"

"ఏడో గది అయింది సార్."

"మరింకేం! ఆ 'దాదాపు' కొట్టేసి సంతకం పెట్టు."

"ఎనిమిదో గదిలోకి ఇప్పుడే వెళ్తున్నాను సార్. మొత్తం పదహారున్నాయి."

"ఎన్ని రోజులు పడుతుంది?"

"తెలీదు సార్."

కత్తిగారైనా నచ్చజెబుతారేమోనని పెద్దసారు అటు చూశారు. కత్తిగారు తెర మీంచి కళ్ళు తిప్పలేదు. "నేనూ ఇక్కడే ఉంటాను సార్," అన్నారంతే. పెద్దసారు కాగితం వెనక్కి తీసుకోలేదు. పక్క గదిలోకీ వెళ్ళలేదు. ఫోన్ తీసి, విడుదల తేదీ గురించి ఎవరితోనో నసుగుతూ బయటికి నడిచారు.

పిల్లి కాగితాన్ని పక్కకి జరిపి ఎనిమిదో గదిలో కాలుపెట్టింది. ఈ గది తలుపు ఇంకా మార్చలేదు కదా, వెనక ధడాలుమంది.

"ఈసారి ఐదుగురు," అన్నారు కత్తిగారు.

"ఉండండి సార్. ముందు ఎటు చూస్తారో చూద్దాం," అని ఆమె కంట్రోలర్ బల్ల మీద పెట్టింది.